తడపని కాయ

జూన్ 2, సోమవారం

పొద్దున్నే పెనం పెట్టాను. వేరుశనగ గింజలు మొదట ఏమీ మాట్లాడవు. తర్వాత ఎక్కడో మూలన ఒకటి చిటుక్కుమంటుంది. తర్వాత నాలుగు. తర్వాత వాన. ఆ వాన పలచబడే క్షణం ఒకటి ఉంది — అప్పుడు దించాలి. చూపున్న వాళ్ళు రంగు చూసి దించుతారట. నాకు చెవి చాలు.

ఈరోజు దొరికిన మాట: అలికిడి. తెలుగు మేడమ్ పాఠంలో వచ్చింది. ఇంటికొచ్చి ఫోన్ చేత పదిసార్లు చదివించాను. పుట్టినప్పటి నుంచీ అలికిడితోనే మనుషుల్ని పోల్చుకుంటున్నాను, దానికి ఇంత మెత్తటి పేరుందని ఇరవయ్యో ఏట తెలిసింది.

జూన్ 3

ప్రసాదన్న మెసేజ్. అనంతపురంలో ఆయన షాపు. ఫోన్ తన ఇనప గొంతుతో, ఏ సంతోషమూ లేకుండా చదివింది — శనివారం లోపల అరవై ప్యాకెట్లు పంపు, నచ్చితే నెలనెలా తీసుకుంటా.

మళ్ళీ చదివించాను. మళ్ళీ.

ఇంతవరకు కొన్నవాళ్ళంతా మా కాలేజీ వాళ్ళు, ఊరివాళ్ళు. మొదటి షాపు ఇది!

నాయన: "అరవైనా? ఎవరు ఒలిచేది పాపా?"

ప్యాకెట్టు మీది మాటలు నేనే రాశాను. 'వేరుశనగ పొడి. నీళ్లు చల్లని కాయ. చేత్తో ఒలిచిన గింజ.' మూడు ముక్కలకు నెల పట్టింది. అందరూ కాయ మీద నీళ్లు చల్లే ఒలుస్తారు, గింజ పగలకుండా. తడిసిన గింజకు లోలోపల బూజు పట్టవచ్చు. పొడి కొట్టాక ఎవరి కంటికీ దొరకదు. నేను ఆ పని చేయనన్నదే నా వ్యాపారం మొత్తం. అచ్చయిన నా మొదటి రాత కూడా.

జూన్ 4

సుంకమ్మక్క, ఇంకో ఇద్దరు. వసారాలో ఒలుపు. కిలో లెక్క వద్దని రోజు కూలి పెట్టుకున్నాం, ఎవరూ తొందరపడకూడదని. పొడికాయ విరిగే చప్పుడు... ఎండుటాకుల మీద కోడిపిల్లలు నడుస్తున్నట్టు.

"పాపా, ఇన్ని కాయల్లో యాది పుచ్చో చెప్పు సూస్తాం."

చేటలో చెయ్యి ఆడించి ఒకటి తీసిచ్చాను. విరిచి చూసి, "అమ్మో! నీకు మొగుడైతే అబద్ధమాడి బతకలేడు!" అంది సుంకమ్మక్క. ముగ్గురూ నవ్వారు. నేను కూడా. కొంచెం గర్వం.

జూన్ 5

మధ్యాహ్నం వాన. తొలకరి! మట్టి వాసన లేచి గొంతు దాకా వచ్చింది. గట్టు మీది గాలిమరల హోరు వానలో మునిగిపోయి, కాసేపు లోకానికి దూరమన్నదే లేకుండా పోయింది. అన్నీ పక్కనే పడుతున్నాయి.

వాన వెలిసేసరికి వసారాలో మాట మారింది. వజ్రకరూరు. తొలి వానకు చేలల్లో వజ్రాలు తేలుతాయని రేపు తెల్లారకముందే ఆటో కట్టుకుని పోతారట.

"ఈ పొద్దు పోతే ఆదివారమే మేం వచ్చేది."

సగం మూట మిగిలే ఉంది. నాకేమో రేపు సాయంత్రానికి ప్యాకెట్లు బస్సెక్కాలి. "అక్కా, ఎట్లయినా ఈ పొద్దుకు ఒలిచేసి పోండి" అన్నాను. చెవుల్లో పాఠం పెట్టుకుని లోపల కూర్చున్నాను. సోమవారం పరీక్ష.

దీపాల వేళకు పిలిచారు. "అయిపోయె పాపా, సూసుకో. ఒక్క గింజ గూడా పగల్లేదు!"

జూన్ 6

గింజలు ఆలస్యంగా పలికాయి. పలికినప్పుడు కూడా కింద ఏదో సన్నగా బుస... వాన గాలి అనుకున్నాను. వెల్లుల్లి, ఎండుమిరప, ఉప్పు. మాట్లాడే కాటా ప్రతి ప్యాకెట్టుకూ బరువు చెప్పింది. అరవై. బస్సెక్కించి నాయన తిరిగి వచ్చాడు.

జూన్ 7

కల. రేకుల ఇంటి మీద గింజల వాన. ఎంతసేపటికీ పలచబడదు. దించలేక నిలబడే ఉన్నాను.

జూన్ 9, సోమవారం

పరీక్ష బాగా రాశాను. ఇంటికొచ్చి మిగిలిన గింజల మూట విప్పాను.

ముక్కిన వాసన.

మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల చల్లగా, నెమ్ముగా.

సాయంత్రం సుంకమ్మక్క ఇంటికి పోయాను. వజ్రం దొరికిందా అంటే, "దొరికె. అరికాల్లో తుమ్మ ముల్లు!" అని నవ్వింది. తర్వాత మూటలో తడి సంగతి అడిగాను. నవ్వు ఆగింది. లోపల ఎవరో గిన్నె కడుగుతున్నారు.

"రోంత చల్లినాం పాపా. చెంబుడు. యాడికి పోయినా చల్లేదే గదా! నువ్వే గదా ఎట్లయినా అంటివి."

అన్నాను. అవును.

జూన్ 10

ప్రసాదన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"పద్దెనిమిది అమ్మినా. అందరూ బాగుండాదనే అంటాండారు. ఇప్పుడు పిలిచి ఏం చెప్పల్ల? తడి కాయ తింటిరి అనా? ఏమ్మా, లోకమంతా అదే తింటాండాది!"

"ప్యాకెట్టు మీద వేరే రాశాం గదన్నా."

"అది చదివేదెవరు? ఊరకుండు. చెప్తే నా షాపు పేరు గూడా పోతాది. చెప్పేదైతే నీ సరుకు నువ్వు తీసకపో, ఇంక మళ్ళా తేవద్దు."

నాయన అంతా విన్నాడు. "ఒక్క షాపు దొరికె. అదీ పోగొట్టుకో" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ పొడి చెడిందో లేదో నాకు నిజంగా తెలియదు. బాగానే ఉండవచ్చు. మాట మాత్రం చెడింది.

జూన్ 11

కొన్నవాళ్ళకు ఒక కబురు రాస్తున్నాను.

'అనివార్య కారణాల వల్ల' — చెరిపేశాను. మాటలంటే ఇంత ఇష్టం పెంచుకున్నది ఇలా దాక్కోవడానికా?

'పనివాళ్ళ పొరపాటు వల్ల' — ఫోన్ అది పైకి చదివింది. చెవులు కాలాయి. చెరిపేశాను.

చివరికి: 'ఈసారి కాయ మీద నీళ్లు పడ్డాయి. తొందరపెట్టింది నేనే. ప్యాకెట్టు తిరిగి ఇవ్వండి, పొడి కాయతో చేసినది ఇస్తాను.' మా కాలేజీ గ్రూపులో పెట్టాను, ఆ షాపులో కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వింటారని. ప్రసాదన్నకు కూడా పంపాను, షాపు తలుపుకు అంటించమని.

జూన్ 12

ప్రసాదన్న చదివారని ఫోన్ చెబుతోంది. జవాబు లేదు.

సుంకమ్మక్క రాలేదు. ఒక్కదాన్నే ఒలిచాను. బొటనవేలు చిట్లింది. ఇన్నాళ్ళూ వాళ్ళ వేళ్ళ సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

పొద్దున వసారాలో అడుగులు. ఒక కాలు కుంటుతోంది. సుంకమ్మక్క. వచ్చి చేట లాక్కుంది. ఇద్దరం ఒలుస్తూ కూర్చున్నాం. పైన గాలిమరలు తిరుగుతున్నాయి... ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు ఒక్కో రెక్క.

చివరికి అడిగింది, "ఊరంతా చెప్పినావంటనే. నా పేరు రాసినావా?"

"లేదక్కా."

"సదువు."

ఫోన్ చేత చదివించాను. ఆమె చేతులు ఆగాయి. 'తొందరపెట్టింది నేనే' దగ్గర ఊపిరి ఒకటి గట్టిగా వదిలింది.

"చల్లింది నేను గదే. మీద ఏసుకునేది నువ్వా?"

"అన్నది నేనే గదక్కా."

మళ్ళీ ఒలుపు. ఒక దోసెడు కాయలు అయ్యాక —

"పోయిన నెల గూడా చల్లినాం పాపా. అంతకుముందు తూరి గూడా. వేళ్ళు పగిలి నెత్తురొస్తాంటే ఏం జేస్తాం? అప్పుడు ఎండలు గదా, ఆరిపోయె. నీకు తెలీలే."

తెలియలేదు. నా చెవికి, నా ముక్కుకు, దేనికీ.

ఆమె వెళ్ళలేదు. వసారాలోనే ఉంది, ఒలుస్తోంది. పొడి కాయ. నేను లోపల గోడకు ఆనుకుని ఫోన్ పట్టుకున్నాను. పంపిన కబురు తెరిచాను. మొదటి మాట మీద వేలు పెడితే ఫోన్ దాన్నొక్కదాన్నే చదువుతోంది.

ఈసారి.

మళ్ళీ పెట్టాను.

ఈసారి.