ఎర్ర కుట్టు నడుం పట్టీ

తమ్ముడూ, ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. కొండలెక్కేవాళ్ళ కోసం కుట్టించే నడుం పట్టీల్లో, ప్రతి విడతకీ ఒకటి మీ బావ తానే కట్టుకుని మేడ మీద నుంచి వేలాడి చూస్తారు కదా. ఈసారి కేటలాగు చూసి ఆర్డర్లు వెల్లువెత్తేసరికి పార్సిళ్ళు ముందే పంపేసి, నిన్న వేలాడారు. "ఏనుగునైనా మోస్తుందే!" అంటుండగానే కుట్టు పటపటా ఊడిపోయింది. కింద డేరాల గుట్ట మీద పడ్డారు కాబట్టి చీలమండతో పోయింది. కొన్నవాళ్ళందరికీ కార్డులు రాస్తున్నాను, మొదటిది నీకే. ఈ విడతలో నీకొచ్చిన, ఎర్ర కుట్టున్న ఆ పట్టీ కట్టుకోకు. అమ్మ కళ్ళజోడు బాగుచేయించావా? నాన్నగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ఆదివారం నువ్వు కొండకు బయల్దేరేలోగా ఈ కార్డు ఇంట్లో ఎవరి చేతికందినా, ముందు ఆ పట్టీని బీరువాలో పెట్టి తాళం వేయండి.

అక్క