శతాక్షి అంటే

చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

మేనకోడలి పేరు మార్చమని సోమవారం బడిలో అర్జీ ఇస్తున్నారని తెలిసి వెంటనే రాస్తున్నాను. "వందకళ్ళమ్మా, నీకు కళ్ళజోడెందుకే?" అని తోటిపిల్లలు ఏడిపిస్తున్నారట. శతాక్షి అంటే వంద కళ్ళున్న తల్లి, నిజమే. కానీ కరువులో మాడుతున్న జనాన్ని చూసి తట్టుకోలేక, ఆ కళ్ళన్నిటితో ఏడ్చి నదులు నింపిందని పురాణం. నిన్న చూపు మసకబారిందని నా దగ్గరికి వచ్చిన దర్జీ కళ్ళలో తడి ఆరిపోయి ఉంది. చుక్కలు వేశాక సూదిలో దారం ఎక్కించి, "చెమ్మ లేకపోతే చూపే లేదన్నమాట, డాక్టరుగారూ!" అన్నాడు. ఇదంతా పిల్లకు చెప్పి, పేరు సంగతి దాన్నే తేల్చుకోనివ్వండి.

బలహీనమైన కన్ను పనిచేయడం నేర్చుకునేలా, పిల్ల మంచి కంటికి రోజూ రెండు గంటలు పట్టీ వేస్తున్నావా? బావగారికి నమస్కారాలు. దాని బలహీనమైన కంటికి పూర్తి చూపు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను.