రాగిరేకులో కుడిచెయ్యి

రోమ్, పశువుల మైదానం,
1761 నవంబరు 9.

చెల్లెలు డొమితిల్లాకి అన్న సబాతీనో దీవెనలు. మన ఊరి పునీతుడు నిన్నూ నీ మేకల్నీ చల్లగా చూడాలి. నా నడుం నొప్పి మామూలే.

నీ కొడుకు సిల్వెరియో బతికే ఉన్నాడు. ముందు అది విను.

వేసవిలో ఇక్కడ పాత రాతి తోరణం పక్కన, పశువుల తొట్టి దగ్గర, క్విరికో అనే కాపరిని ఎవరో పొడిచి చంపారు. మా అచ్చుకొట్టు అయ్యగారు అప్పుడు దూరంగా కూర్చుని తోరణం బొమ్మ గీసుకుంటున్నారు. కింద మనుషులుంటేనే రాళ్ల ఎత్తు తెలుస్తుందని కంటబడిన వాళ్లందర్నీ గీస్తారు. ఆ పోట్లాట కూడా గీశారు. మనుషులు గోరంత, మొహాలు తెలియవు. కత్తి మాత్రం ఎడమచేతిలో కనిపిస్తుంది. అచ్చు బజారుకెళ్లింది, అయ్యగారు నేపుల్స్ వెళ్లారు.

మొన్న చచ్చిన క్విరికో వాళ్లన్న వెనాంజో ఆ అచ్చు కాగితం పట్టుకుని కొట్లోకి వచ్చాడు. సిరా పూస్తున్న సిల్వెరియోని జుట్టు పట్టి ఈడ్చి, మొహం రాతిబల్లకేసి కొట్టాడు. పళ్లు రాలాయి. వాడి ఎడమచెయ్యి అచ్చు యంత్రం రోలర్ల మధ్య దూర్చి, "తిప్పరా ముసలోడా! ముందు ఈ పుర్రచెయ్యి పిండి చేసి, తర్వాత గొంతు కోస్తా" అన్నాడు. తిప్పనన్నాను. నా చెవి కోశాడు. తనే తిప్పాడు. రెండు వేళ్లు నలిగిన చప్పుడు ఇంకా వినిపిస్తోంది.

నేను మాటకారిని కాదు, నీకు తెలుసు. ఆ బొమ్మ అచ్చు తీసిన రాగిరేకు తెచ్చి వాడి ముందు పెట్టాను. "అయ్యగారు గీసింది ఇదీ. అచ్చు కొడితే కుడి ఎడమవుతుంది నాయనా" అన్నాను. రేకులో కత్తి కుడిచేతిలో ఉంది. వాడు రేకు చూశాడు, కాగితం చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. "అయితే కుడిచేతోడన్నమాట. పోరా, బతికిపోయావ్" అని సిల్వెరియోని ఓ తన్ను తన్ని వెళ్లిపోయాడు.

దేవుడు న్యాయం చూశాడు. పిల్లవాణ్ణి కంచరగాడిదల వాళ్లతో పంపుతున్నాను. వేళ్లకి పందికొవ్వు రాయి.

నీ అన్న
సబాతీనో

తా.క. పైది ఊళ్లో అందరికీ చదివి వినిపించు. ఇది నీకొక్కదానికే, చదివి చింపి పొయ్యిలో వెయ్యి. అచ్చు సరిగ్గా పడాలని అయ్యగారు రేకు మీద అంతా తిరగేసి, అద్దంలో చూస్తూ గీస్తారు. కాగితం మీదున్నదే నిజం. మన సిల్వెరియోది సైతాను చెయ్యి అని క్విరికో ఎగతాళి చేశాడు, మనవాడు ఆ చేత్తోనే పొడిచాడు. ఆపేలోపే అయిపోయింది.

ఇప్పుడు వెనాంజో ఆ రోజు తొట్టి దగ్గరున్న కుడిచేతివాణ్ణి వెతుకుతున్నాడు. అక్కడ ఉన్నది క్విరికో, మనవాడు, నేను, ముగ్గురమే. ఆ సంగతి ఎవరో వాడికి చెప్పేదాకా నేనిక్కడే యంత్రం తిప్పుతుంటాను. నేను కదిలితే వాడు మీ ఊరి దారి పడతాడు.