బైజాంటియం గవర్నరు హీటరు ఆపిన వైనం

అన్నయ్యా,

నువ్వు ప్రభువు సన్నిధికి వెళ్లి నేటికి ఏడాది. అమెరికాలోని మన ఎడిసన్ తెలుగు చర్చి సంఘంలో శాంతి నెలకొన్నదని సగౌరవంగా తెలియజేస్తున్నాను.

ప్రసంగం పొడుగైతే సెక్రటరీ డేవిడ్ గారు హీటరు ఆపేయడం, పాస్టరు గారు చలిలోనే కొనసాగించడం నీకు తెలిసినదే. ఈ శీతకాలం సంఘం రెండుగా చీలబోయింది. అందుచేత పూర్వకాలపు బైజాంటియం నగర గవర్నరుకూ బిషప్పుకూ జరిగిన తగవు మీద నువ్వు రాసిన నాటకాన్ని నిన్న ఆడించాను. నువ్వు బతికుండగా కోరినట్లే పాస్టరు గారికి గవర్నరు వేషం, డేవిడ్ గారికి బిషప్పు వేషం ఇచ్చాను.

బిషప్పు గారు నీ సంభాషణలు వదిలేసి సొంత ప్రసంగం అందుకున్నారు, ఎంతకీ ఆపలేదు. గవర్నరు గారు లేచి, కిరీటంతో సహా వెళ్లి హీటరు ఆపేశారు.

“అదేంటండీ పాస్టరు గారూ, ఇంకా అసలు పాయింటుకే రాలేదు.”

“కింద కూర్చుని వింటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది డేవిడ్ గారూ. దిగండి, బిర్యానీ చల్లారిపోతోంది.”

సభ యావత్తూ కోట్లు కప్పుకుని నవ్వింది. హీటరును ఇద్దరూ కలిసి మళ్లీ వేశారు.

నేను నీ పాత కోటు వేసుకున్నాను. హాలు వేడెక్కాక కూడా తీయలేదు.