సీసాల్లో నిద్రపోయే అరటి

మంగంపేట
జూన్ 2004

చిరంజీవి క్రిస్టినాకు నీ మేనత్త కృపమణి దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, మేకలు బాగున్నాం.

పోయినేడు మా పెరట్లోంచి నువ్వు కర్నూలు ల్యాబుకు తీసుకెళ్లిన అరటి పిలకలు ఎంత ఎదిగాయో రాయి. మీ మామ వాళ్ల తాత నాటిన గుబురు అది. అలాంటి పండు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఇప్పుడు ఊళ్లోకి ఎండుతెగులు వచ్చింది. పుల్లన్న తోటంతా వాలిపోయింది. "నీ చెట్లకూ వస్తాదిలే అక్కా" అంటున్నాడు. నీ దగ్గరున్నవాటి మీదే ఆశ పెట్టుకున్నాను.

నీ అత్త

తా.క.: గెల వేసి ఉంటే ఆఫీసువాళ్లు కోసుకు తినకుండా చూసుకో.

*

కర్నూలు

అత్తా, వందనాలు. నీ అరటి క్షేమం. ఒక్కో మొక్క రెండంగుళాలుంది. పిలక మొనలోని చిన్న ముక్కను గాజుసీసాలో, జావలాంటి ఆహారంలో పెంచాం. ఇప్పుడు కావాలనే ఎదగనివ్వడం లేదు. చల్లటి గదిలో పెట్టాం, వెలుతురు తగ్గించాం, చక్కెర కూడా తగ్గించాం. ఇలాగైతే మాటిమాటికీ సీసాలు మార్చే పని ఉండదు, మొక్క ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది.

నీ క్రిస్టినా

తా.క.: ఏమీ ఎదగలేదని మా పెద్దసారు నన్ను మెచ్చుకున్నారు.

*

మంగంపేట

క్రిస్టినా, నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. చక్కెర తగ్గించారంటే వాటికీ నాలాగే షుగరొచ్చిందన్నమాట. ఆ మాట సూటిగా రాయొచ్చు కదా.

ఆదివారం మందిరంలో వాటికోసం ప్రార్థన చేయించాను. నెహెమ్యా అయ్యగారు కళ్లు మూసుకుని మళ్లీ తెరిచారు. "అరటి చెట్లకు షుగరేందమ్మా? ఎవురు చెప్పినారు?" అన్నారు.

"కర్నూల్లో సదువుకున్న పిల్ల రాసిండాది" అన్నాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు.

బస్సులో కొర్రబియ్యం, మెంతులు, ఒక దుప్పటి పంపుతున్నాను.

దిగులుతో, నీ అత్త

తా.క.: దుప్పటి అన్నిటికీ చాలకపోతే నీరసంగా ఉన్నవాటికి కప్పు.

*

కర్నూలు

అత్తా, వాటికి ఏ జబ్బూ లేదు. నిద్రపుచ్చామనుకో. వెచ్చటి గదిలోకి మార్చి కడుపునిండా ఆహారం పెడితే మళ్లీ ఎదుగుతాయి. నువ్వు అడిగిన రోజు కుండీల్లో పెంచి పంపిస్తాను. దుప్పటి నేనే కప్పుకుంటున్నాను. ఆ గదిలో పనిచేసేవాళ్లకు నిజంగానే చలి.

నీ క్రిస్టినా

తా.క.: కొర్రన్నం మా పెద్దసారు తిన్నారు. షుగరున్నది ఆయనకు.

*

మంగంపేట

తల్లీ, మన గుబురు పోయింది. పుల్లన్న, నేను వేర్లతో సహా తవ్వి కాల్చేశాం. ఆ గుంత చూస్తూ మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు నీ సీసాలు గుర్తొచ్చాయి. రెండంగుళాలని చిన్నచూపు చూశాను. ఇంత వంశాన్ని అంత చిన్న సీసాలో ప్రాణంతో నిలబెట్టావు. నీ చేతులు చల్లగా ఉండాలి.

ఇప్పుడే పంపొద్దు. తెగులు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుందట. నేల బాగుపడేదాకా వాటిని నిద్రపోనీ. నేను లేకపోయినా ఎవరో ఒకరు అడుగుతారు.

ఈ సంగతి మందిరంలో చెప్పాను. సోమవారం నీ ల్యాబుకు వస్తున్నాం. అయ్యగారు చామ పిలకలు, మహాదేవమ్మ గెణుసుగడ్డ తీగ, ఇంకొకరు పసుపు కొమ్ములు తెస్తున్నారు. బస్సులో సగం మనవాళ్లే. చోటు చూసిపెట్టు.

నీ అత్త కృపమణి

తా.క.: మహాదేవమ్మ మనవరాలికి కుట్టించిన ప్రతి గౌనూ నెల తిరిగేసరికి పొట్టిదవుతోందట. "ఆ సల్లటి గదిలో పాపను కొన్నాళ్లు పెట్టుకుంటారేమో అడుగు" అంటోంది. కుదరదని చెప్పాను. అయినా పాపకు టికెట్టు తీసింది.