ఓలెటా గారి తూటాల ప్రెస్సు, కూత మానని అలారం

కెర్‌విల్ దగ్గర, టెక్సస్
4 ఏప్రిల్

బ్లూ మేసా ప్రెస్సుల కంపెనీ, రిపేర్ల సెక్షన్ వారికి ఓలెటా క్రౌజె వ్రాయునది.

మీ ప్రెస్సు గారేజీలో బిగించాను. లీవరు ఒకసారి దించితే ఒక తూటా తయారై బుట్టలో పడుతుందన్నారు, పడుతోంది. పేచీ అంతా దానికి తగిలించిన అలారంతో. తూటా తొడుగులో తుపాకిమందు తక్కువైనా ఎక్కువైనా కూయాలి కదా, సరిగ్గా ఉన్నా కూస్తోంది. కూసినప్పుడల్లా ఆపి, తూటా విప్పి, మందు తూకం వేస్తున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. మూడు రోజులు కూర్చుంటే పదకొండు తూటాలు తేలాయి.

మే మొదటి శనివారం మా కౌంటీ పిస్తోలు పోటీ. నాకు రెండు వందల తూటాలు కావాలి. మా ఆడపడుచు నెల్డా ఐదేళ్లుగా గెలుస్తూ, "కొట్లో కొన్న తూటాలతో ఇంతే వస్తుంది వదినా" అంటోంది. ఓడినవాళ్లు చర్చి విందులో గిన్నెలు తోమాలి. ఐదేళ్లుగా తోముతున్నాను. ఈసారి తోమను.

ఇట్లు,
ఓలెటా క్రౌజె

తా.క. గారేజీ కిటికీ మూసుకోమని మా ఆయన ఓటో సలహా. మూయను. పెకాన్ చెట్టు మీద పిట్ట పాడుతుంటే చెయ్యి కుదురుగా ఉంటుంది.

11 ఏప్రిల్

శ్రీమతి క్రౌజె గారికి నమస్కారం.

మా సరుక్కి జీవితకాలం గ్యారంటీ. కొత్త అలారం ఉచితంగా పంపుతున్నాను. పాతది తీసేసి ఇది బిగించండి.

భవదీయుడు,
ఎల్డన్ ప్రూవిట్, రిపేర్ల సెక్షన్

తా.క. మా ఇంట్లో గిన్నెలు నేనే తోముతాను. మీ బాధ తెలుసు.

16 ఏప్రిల్

ఎల్డన్ గారికి,

మీ కొత్త అలారం పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాను. బ్యాటరీ ఇంకా వేయలేదు. కూత వినబడింది. పాతదాని పనేమోనని దాని బ్యాటరీ కూడా పీకేశాను. మళ్లీ కూత. ఇలాంటి సరుక్కా మీ గ్యారంటీ? తూటాలు ఇరవై ఆరు.

ఇట్లు, ఓపిక తగ్గుతున్న
ఓలెటా క్రౌజె

తా.క. ఓటో కంకర ట్రక్కు వెనక్కి నడిపినప్పుడు వచ్చే కూత కూడా పెరట్లో వినబడుతోంది. ఎవరో ఎత్తుకుపోతున్నారని ఓటో రెండుసార్లు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. ట్రక్కు ఉన్నచోటే ఉంది.

20 ఏప్రిల్

అమ్మా,

కోప్పడనంటే ఒక మాట. బ్యాటరీ లేని అలారం కూయదు. ఇరవై రెండేళ్లుగా ఈ సెక్షన్‌లో ఉన్నాను. పైగా కదలని ట్రక్కు కూత వినబడుతోందంటున్నారు. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి. ఈలోగా ఆ కూతని వదిలేసి పని కానివ్వండి.

విధేయుడు,
ఎల్డన్

తా.క. ఓటో గారినీ తీసుకెళ్లండి. పరుగెత్తింది ఆయనే కదా.

6 మే

ఎల్డన్ నాయనా,

డాక్టరు చీటీ ఈ కవరులోనే ఉంది. మా ఇద్దరి చెవులూ నిక్షేపంగా ఉన్నాయి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాను. దారిలో రైలు పట్టాల దగ్గర రోజూ ఆపి, తలుపు తెరిచి, చెవి పెట్టి విన్నాకే దాటేదాన్ని. ఆఖరి పన్నెండేళ్లు ఆ పట్టాల మీద రైలే రాలేదు. పిల్లలు నవ్వేవాళ్లు. అయినా ఆపాను. అలాంటిదాన్ని కూత వదిలేయమంటావా?

దొంగ దొరికింది. పెకాన్ చెట్టు మీది పిట్టే. ఏ మోత విన్నా అచ్చం దింపేస్తుంది. కిటికీలో వాలి, నా మొహంలోకి చూస్తూ అలారంలా ఒకటి, ట్రక్కులా ఒకటి కూసింది. ఓటో పడీ పడీ నవ్వాడు.

నీ కొత్త అలారం బిగించి పని మొదలుపెట్టాను. పిట్ట అని తెలిసినా, కూసిన ప్రతిసారీ ఆపి చూశాను. పోటీ ముందురోజు, నూట తొంభై ఎనిమిదో తూటా దగ్గర కూత. "పిట్టేనే, పని కానివ్వు" అన్నాడు ఓటో. ఆపి తొడుగులోకి చూశాను. ఖాళీ. పైన మందు డబ్బా అడుగంటింది. అది కాల్చి ఉంటే గుండు పిస్తోలు గొట్టంలో ఇరుక్కునేది, తర్వాతి దెబ్బకి పిస్తోలు నా చేతిలోనే పేలేది. ఓటో నవ్వు మానేసి, కుర్చీ లాక్కుని నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నీ అలారాన్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

మూడు పాయింట్లతో గెలిచాను. నెల్డా గిన్నెలు తోమింది. పక్కన నిలబడి తుడిచిపెట్టాను, ఐదేళ్లలో నాకెవరూ ఆ సాయం చేయలేదు.

ఇట్లు,
ఓలెటా

తా.క. కవరు అంటించబోతూ, అలారాన్ని తుడుద్దామని మూత తీశాను. లోపల బ్యాటరీ లేదు. నీతో దెబ్బలాటలో పడి వేయడమే మరిచిపోయాను. బ్యాటరీ లేని అలారం కూయదన్నావు, నాది కూసింది. పెకాన్ చెట్టు మీద కాపురముంటోంది. దానికి జీవితకాలం గ్యారంటీ రాసి పంపు.