రెండో విస్తరాకు

అక్కా,

ఇయ్యాల పెత్రమాస, పోయినోళ్లకు పెట్టుకునే దినం. బావ షిఫ్టు దిగి మటన్, మేకపేగుల బోటి తెచ్చిండు. నీ పేర విస్తరాకు వేసి అన్నీ వడ్డించిన.

ఎండకాలంల నాకు గూడ నీ లెక్కనే కడుపుబ్బింది, దమ్ము ఆడలే. అండాశయంల గడ్డ ఉందన్నరు. కడుపుల, ఊపిరితిత్తుల చుట్టు నీళ్లు. నీ క్యాన్సరప్పుడు చూసినదే గద! ఇగ బతకననుకొని నా బిడ్డకు చెప్పిన: "పెత్రమాసకు పెద్దమ్మ పక్కన నాకో ఆకు వెయ్యి. బోటికూర మరువకు."

ఆపరేషన్ చేసి రాయసొంటి తెల్లటి గడ్డ తీసిన్రు. పరీక్ష అయినంక డాక్టరమ్మ వచ్చింది. "ఇది ఫైబ్రోమా, క్యాన్సర్ కాదు. దీనికి గిట్ల నీళ్లు పట్టుడు అరుదు. గడ్డ పోయింది గద, ఇగ నీళ్లు పట్టవు" అన్నది.

నేను మంచం మీదనే పకపక నవ్విన. పక్కన నిలబడ్డ బావ గూడ నవ్విండు. జరసేపటికి నిన్ను తలుసుకొని మెల్లగ అడిగిండు: "మా ఇంటామెకు గీ గడ్డ ఎందుకు రాలే మేడం?"

నా మొఖం యాడ పెట్టుకోవాల్నో తెల్వలే.

ఇయ్యాల బిడ్డ ఆ బోటికూర నా కంచంలనే వేసింది. నీ ఆకు ముంగట కూసున్న. సిగ్గయితాంది అక్కా. ఆకలి గూడ మస్తుగైతాంది.